కుంటలోని చిన్ని ప్రాణులు



కామారెడ్డి, యెల్లారెడ్డి ప్రాంతములవారికి పోచారము క్రొత్తది కాదు. 1916 మొదలు 1922 వఱకు, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారి యేలుబడిలో, ఆలేరు వాగునకు అడ్డముగా అచట ఆనకట్ట కట్టిరి. ఒకప్పుడు నిజాములు వేటాడిన ఆ యడవి 1952లో వన్యప్రాణుల అభయారణ్యమయ్యెను. అచటికి పోవువారు పెక్కండ్రు జింకలను, చలికాలమున వచ్చు దూరదేశపు పక్షులను చూచి మరలుదురు. నిలుకడనీటి యొడ్డున గడియసేపు కూర్చుండువారు అరుదు. నేటి ప్రసంగము ఆ నీటిలోని చిన్ని ప్రాణులను గూర్చి.

వానలు తగ్గిన పిదప ఒక దినము మీ మనుమలను వెంటగొని పొండు. అటవీశాఖవారి అనుమతితో, లోతులేని యొడ్డున, తెల్లని పళ్లెములో కొంచెము నీరు ముంచి చూపుడు. మొదట నీరే కనబడును. కన్ను కుదిరిన పిమ్మట ఊరంత సంసారము కనబడును. ఒక పురుగు కాళ్లు తడియకుండ నీటిపై పరుగిడును. వేఱొకటి ఱెక్కచిప్పల క్రింద గాలిని మూటగట్టుకొని మునుగును. ఇంకొక జాతిలో ఆడుది గ్రుడ్లను మగదాని వీపున అంటించి పోవును. అవి పిల్లలగువఱకు తండ్రియే మోయును.

అన్నిటికంటె చూడదగినది తూనీగపిల్ల. తూనీగకు బాల్యమంతయు నీటిలోనే గడచును. మట్టిరంగు గల యీ పురుగు క్రింది పెదవిని మడిచి యుంచుకొని, ఎర చేరువకు రాగానే ముందునకు చాచి పట్టును. దోమపిల్లలు దానికి ఇష్టమైన తిండి. ఎదిగిన పిదప తుంగకాడ నెక్కి, వీపు చీల్చుకొని వెలువడి, తూనీగయై యెగిరిపోవును. గాలిలోను అది దోమలను పట్టి తినును.

దీనివలన మనకేమి ప్రయోజనమందురా? 2015 మార్చి 12న సదాశివనగరు పాతచెఱువు కడ మిషన్ కాకతీయ పనులు ఆరంభమయ్యెను. పిమ్మట ఎన్నియో చెఱువుల పూడిక తీయబడెను. పూడిక తీయుట మేలే. కాని యొడ్డున తుంగనంతయు పెఱికివేసినచో తూనీగ యెక్కుటకు కాడ యుండదు. దోమలు హెచ్చెనని కుంటలో విషపుమందు పోసినచో, దోమపిల్లలతోబాటు వానిని తిను పురుగులును చచ్చును. దోమ మాత్రము ఇంటి గోలెములో నిలిచిన నీటిలో సైతము వారము పదిదినములలో మరల పుట్టును. తూనీగ యెదుగుటకు వారములు, కొన్ని జాతులకు నెలలు పట్టును. కావలివాడు తిరిగి వచ్చులోపల దొంగ ఇల్లు దోచును.

కావున పూడిక తీయునపుడు ఒక మూలనైనను తుంగను విడువుడు. పైరుమందు డబ్బాలను చెఱువులో కడుగనీకుడు. ఇంటి గోలెములను వారమున కొకమాఱు కడిగించుడు. చూచిన ప్రాణులను మరల నీటిలోనే విడువవలెనని పిల్లలకు నేర్పుడు. ఇదియే నా మనవి.

సెలవు.