రాచ్చిప్పల నది

ఇవాళ ఒక నది పేరు గురించి మాట్లాడతాను. కెనడా పటంలో బాగా పైన, నూనావుట్ ప్రాంతంలో, 'బ్యాక్ రివర్' అని చూసినప్పుడు వెనక్కి పారే నదేమో అనుకున్నాను. నవ్వకండి! తీరా చూస్తే బ్యాక్ అన్నది ఇంటిపేరు. జార్జ్ బ్యాక్ బ్రిటిష్ నావికాదళ అధికారి. ఆర్కిటిక్‌లో తప్పిపోయిన అన్వేషకుడు జాన్ రాస్ బృందాన్ని వెతకడానికి వచ్చాడు. నది వెంట సముద్రం వైపు బయలుదేరకముందే, రాస్ క్షేమంగా ఇంగ్లండ్ చేరాడని కబురు అందింది. అయినా 1834 వేసవిలో చివరిదాకా వెళ్లాడు. సుమారు వెయ్యి కిలోమీటర్లు, దారిలో చెట్టన్నది లేదు. జలపాతాలూ, రాళ్ల మీద నీళ్లు ఉరికే చోట్లూ కలిపి 83 లెక్కపెట్టాడు.

తన పుస్తకం పేరులో మాత్రం ఆయన 'గ్రేట్ ఫిష్ రివర్' అనే రాశాడు. అది అక్కడి ఆదివాసులైన డెనె ప్రజలు పిలిచే 'థ్లూ-ఈ-చో'కు అర్థం: పెద్ద చేపల నది. ఆయన పేరు తర్వాత అతుక్కుంది.

నది దిగువన ఉండిన ఇన్యూట్‌ల మాట వేరు. ఆ చోటును వాళ్లు ఉక్కుహిక్సలిక్ అనేవారు. వంటపాత్రలు చెక్కే రాయి దొరికే చోటు అని. అంటే మన బలపపు రాయే! ఆ రాతితో చేసిన రాచ్చిప్పలో చింతపండు పులుసు కాగిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ పేరు విడమరచి చెప్పనక్కర్లేదు. మనం పొయ్యి మీద పెడితే, వాళ్లు కొవ్వు దీపం మీద వేలాడదీసేవారు. 1963లో వాళ్ల మధ్యకు వెళ్లిన మానవశాస్త్రజ్ఞురాలు జీన్ బ్రిగ్స్ రాసిన 'నెవర్ ఇన్ యాంగర్' దొరికితే చదవండి.

ఒకరు చేపను చెప్పారు, ఒకరు చిప్పను చెప్పారు. రెండూ తిండి మాటలే. పటంలో ఉన్నది మాత్రం ఒక్క వేసవి వచ్చిపోయిన మనిషి.

చివరగా ఒక్కటి. ఆర్కిటిక్‌కు వెళ్లిన బ్రిటిష్ అన్వేషకుడు ఫ్రాంక్లిన్ ఓడలు మంచులో చిక్కుకుపోయాక, 1848 ఏప్రిల్‌లో మిగిలిన 105 మంది ఒక కాగితం రాసిపెట్టి నడక మొదలుపెట్టారు. రేపు 'బ్యాక్స్ ఫిష్ రివర్'కు బయలుదేరుతున్నామని అందులో ఉంది. ఒక్కరూ ఇల్లు చేరలేదు. ఆకలితో ఉన్న ఆ మనుషులకు ఆ పేరులో పనికొచ్చే మాట ఒక్కటే, చేప. అది డెనెలు చెప్పిన మాట.

రాచ్చిప్ప ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లు చాట్‌లో రాయండి.