తృప్తి ఎవరిది?



మా మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి పిలుపు వచ్చినప్పుడు కాస్త జంకాను. ఉపన్యాసాలంటే ఆయనకు పడేది కాదు. హాస్టల్ వార్డెన్‌గా ఉన్న రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక చెప్పులు టపటపలాడించుకుంటూ వరండాలోకి వచ్చి, ఎదురుపడ్డవాణ్ణి "ఏరా, నిద్ర పడుతోందా?" అని అడిగేవారు. మార్కుల సంగతి అడగగా నేనైతే వినలేదు.

ఆయన ఒక్క ప్రశ్నతో తెలుసుకునేదానికి ఇప్పుడు ప్రశ్నావళులున్నాయి. ఆందోళనను కొలవడానికి ఇప్పుడు చాలా దేశాల్లో వాడే జీఏడీ-7 ప్రశ్నావళి 2006లో వచ్చింది. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 21. పది లేదా అంతకు మించి వస్తే డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలని లెక్క. మాస్టారి నిద్ర ప్రశ్న ఆ ఏడింటిలో లేదు మరి! జీవితంలో తృప్తిని కొలిచేందుకు ఎడ్ డీనర్, ఆయన సహచరులు 1985లో ఐదు వాక్యాల కొలమానం తయారుచేశారు. అందులో మొత్తం మార్కులు అయిదు నుంచి 35 దాకా వస్తాయి. మొదటిది పదిహేను రోజుల కంగారు గురించి అడుగుతుంది, రెండోది మొత్తం బతుకుకు లెక్క చెప్పమంటుంది. ఒకటి పెరిగితే రెండోది తగ్గడం మామూలే గానీ, రెండూ ఒకే త్రాసుకు రెండు తట్టలు కావు. పరీక్షల ముందు వణికిపోతూ కూడా "నా బతుకు బాగానే ఉంది సార్" అనే పిల్లల్ని చూశాను. ఏ కంగారూ లేకుండా నీరసంగా కూర్చున్నవాళ్ళనీ చూశాను. నాకు ఎక్కువ భయం ఈ రెండోవాళ్ళ గురించే.

నేను పాఠం చెప్పే క్లాసులో ఈ రెండు కొలమానాలను తెలుగులో పెట్టబోతే అసలు చిక్కు బయటపడింది. 'ఆందోళన' అంటే మా పిల్లలకు ధర్నా గుర్తొచ్చింది. వాళ్ళ మాట టెన్షన్. ఇంటి మీద బెంగ వేరు, రిజల్ట్స్ ముందు గాభరా వేరు, ఆదివారం సాయంత్రం కమ్ముకునే దిగులు వేరు. అన్నిటినీ టెన్షన్‌లో కలిపేస్తే ఎవరికి ఏ మందో తేలదు.

'తృప్తి' దగ్గర ఇంకో తమాషా. మనం ఆ మాట విస్తరి ముందు వాడతాం, తృప్తిగా తిన్నావా అని. బతుకు గురించి అడిగితే ఒక కుర్రాడు ఒక వాక్యానికి ఆరు, అంటే బాగా ఎక్కువే, వేసి, "ఇంట్లో వాళ్ళు హ్యాపీ సార్" అన్నాడు. నీ సంగతేమిటంటే తెల్లబోయాడు. నాన్న పొలం కౌలుకిచ్చి చదివిస్తున్నాడు, ఊళ్ళో తొలి డిగ్రీ తనదే. ఆరు అతనిది కాదు, నాన్నది. ఆ అంకెను నేను కూడితే ఏ లెక్క తేలుతుంది?

గాభరాకు కారణాలు ఎప్పుడూ మనసులోనే ఉండవు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తే, ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దాటిపోతుంటే వచ్చే దడకు శ్వాసాభ్యాసం నేర్పడం నాకు సిగ్గనిపిస్తుంది. ఆ దడ న్యాయమైనదే. దాన్ని ఆ పిల్లవాడి జబ్బుగా రాయడానికి చెయ్యి రాదు.

ఇదంతా చిన్న విషయం కాదు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఇందులో బడిపిల్లలూ ఉన్నారు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు వందా ఆపైన విద్యార్థులున్న సంస్థల్లో అర్హుడైన కౌన్సెలర్ ఉండాలంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 కూడా 2022 అక్టోబరు నుంచి ఉంది. మంచివే. అయితే కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ గది పక్కనే ఉంటే ఆ తలుపు ఎవరు తడతారు? పిల్లలు ముందు చూసేది బోర్డును కాదు, లోపలికి వెళ్తుంటే ఎవరు చూస్తున్నారన్నది.

డీనర్ కొలమానంలో ఆఖరి వాక్యం, మళ్ళీ బతికే వీలుంటే దాదాపు ఏదీ మార్చుకోననే భావంతో ఉంటుంది. ఒక అమ్మాయి అక్కడ అంకె వెయ్యలేదు. పక్కన ఖాళీలో పెన్సిల్‌తో, "గ్రూపు మార్చుకుంటాను. అమ్మకి చెప్పకండి" అని రాసి, తర్వాత రబ్బరుతో తుడిచింది. అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఆ కాగితం నా దగ్గరే ఉంది, ఎవరికీ చూపించలేదు.