చదివిన వాక్యము – చేసిన వాక్యము

(శతవార్షికోత్సవ కూటములలో విశాఖపట్టణ సంఘస్థుల యెదుట చేసిన ప్రసంగము)



మన డయోసీసునకు నూరేండ్లు నిండిన ఈ ఆనంద సమయమున, బైబిలు పఠనము వలనను క్రియల వలనను దేవునికి ఎట్లు సమీపము కాగలము అను అంశమును గూర్చి మాట్లాడుమని పెద్దలు మమ్మును కోరిరి. అంశము వినుటకు సులభముగానే యున్నది. బైబిలు చదువవలెను, మంచి పనులు చేయవలెను అని సండేస్కూలు నాటినుండి మనమందరము వినుచునే యున్నాము. అయితే విశ్వాసులు మా యొద్దకు వచ్చి చెప్పుకొను బాధ ఒకటి కలదు. "అయ్యగారూ, రోజూ చదువుతూనే ఉన్నామండీ. ఏడాదికోసారి బైబిలు పూర్తి చేస్తున్నాం. అయినా దేవుడు దూరంగానే ఉన్నట్టుంటుంది" అందురు. ఇట్లు చెప్పినవారిని మేము గద్దింపజాలము. ఏలయనగా కొంతకాలము మేమును అట్లే యుంటిమి. ఆ సంగతి నేడు మీ యెదుట ఒప్పుకొనవలెనని వచ్చితిమి.

ఈ పట్టణమునకు వాక్యము వచ్చిన విధము

ముందుగా మన పట్టణమును గూర్చి ఒక మాట. 1805వ సంవత్సరమున లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను ఇద్దరు సేవకులు విశాఖపట్టణమునకు వచ్చిరి. అప్పటికి ఇక్కడ నేటి ఓడరేవు లేదు, ఉక్కు కర్మాగారము లేదు. తెలుగువారి చేతిలో పెట్టుటకు అచ్చయిన తెలుగు బైబిలును లేదు. వారు మన భాష నేర్చుకొనిరి, పాఠశాల పెట్టిరి, సువార్తలను తెలుగు చేయుటకు పూనుకొనిరి. బ్రాహ్మణ కుటుంబమునుండి క్రీస్తును నమ్మి వచ్చిన ఆనందరాయరు అను ఆయన ఆ పనిలో వారికి కుడిభుజమై నిలిచెను.

1809లో క్రాన్ గారు మరణించిరి. మరుసటి యేట డెస్‌గ్రాంజెస్ గారును మరణించిరి. వారి ప్రయాసవలన తెలుగైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయినవి. ఆ అచ్చు ప్రతిని వారిద్దరిలో ఒక్కరైనను కన్నులార చూడలేదు. తరువాత ఎడ్వర్డ్ ప్రిచెట్ గారు తెలుగు చేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున అచ్చయినది. ఆ శతాబ్దములోనే డాక్టర్ జాన్ హే గారు ఈ పట్టణముననే అనేక సంవత్సరములు నివసించి, తెలుగు బైబిలును సవరించు పనిలో తమ జీవితమును గడిపిరి.

ప్రియులారా, ఈ సంగతిని ఆలోచించుడి. ఆ ఇద్దరికిని తమ భాషలో బైబిలు ఉన్నది. తమ గదిలో కూర్చుండి తాము చదువుకొని, తమ ఆత్మకు మేలు కలిగినదని తృప్తిపడి యుండవచ్చును. వారట్లు చేయలేదు. తాము చదివినది పొరుగువాడును చదువవలెననిరి. అనువాదము చేయువానికి పొరుగువానిని అడుగక గడువదు. ఈ మాటను మీరేమందురు, ఆ మాట మీకెట్లు వినబడుచున్నది అని అడుగుచు ముందుకు సాగవలెను. కావున వారి పఠనమే పరిచర్య, పరిచర్యయే పఠనము. ఆ రెండును విడిపోయిన చోటనే మన ఆత్మీయ జీవితము ఎండిపోవుచున్నదని మా నమ్మిక.

మేము తప్పిన చోటు

మేము వేదాంత కళాశాలలో చదివినవారము. గ్రీకు పాఠములు చదివితిమి, వ్యాఖ్యానములు చదివితిమి. గాజువాక వైపు ఒక సంఘమున పరిచర్యకు వచ్చిన మొదటి యేండ్లలో దినదినము బైబిలు తెరచుచునే యుంటిమి. అయితే తెరచినప్పుడెల్ల, ఆదివారమునకు ఇందులో ఏమి దొరకును అని వెదకుట మాకు అలవాటైపోయెను. బంతిలో అందరికి వడ్డించుచు తాను తినుట మరచినవానివలె నుంటిమి.

ఒక గురువారము సాయంకాలము యాకోబు పత్రిక రెండవ అధ్యాయము మీద ప్రసంగము సిద్ధపరచుకొనుచుంటిమి. తిండియు బట్టయు లేని సహోదరునికి మంచి మాటలు చెప్పి వట్టి చేతులతో పంపివేసినయెడల ఏమి ప్రయోజనమని యాకోబు అడుగు భాగమది. ఆ సమయమున ఎవరో తలుపు తట్టిరి. వచ్చినవాడు ఒక కాంట్రాక్టు కూలీ. పండుగలకు మాత్రమే గుడికి వచ్చువాడు. కుడి చేతికి కట్టు ఉన్నది. ఎడమ చేతిలో ప్లాస్టిక్ కవరులో మడత పెట్టిన కాగితమొకటి.

"అయ్యగారండీ, ఈ కాయితం కొంచెం చదివి చెబుతారా? ఇంగ్లీషులో ఉంది" అనెను.

మేము గడియారము చూచితిమి. "ఇప్పుడు ప్రసంగము తయారుచేసుకుంటున్నాము బాబూ, ఆదివారము ఆరాధన అయ్యాక రా" అంటిమి. "సరేనండి" అని వెళ్లిపోయెను. మేము తలుపు మూసి మరల యాకోబు యొద్ద కూర్చుంటిమి.

ఆదివారము ప్రసంగించితిమి. బాగుగా నున్నదని పెద్దలు చేయి కలిపిరి. అతడు మాత్రము రాలేదు. మూడు వారములైన తరువాత మా ఇంటివారు, "ఆ చేతికి కట్టున్నతను మళ్లీ కనిపించలేదేమండీ?" అని అడుగగా వెదకుకొనుచు అతని ఇంటికి పోతిమి. ఆ కాగితము ఇంకను ఆ కవరులోనే యున్నది. పనిలో దెబ్బ తగిలినందుకు రావలసిన పరిహారమును గూర్చినది. ఫలానా తేదీలోగా పత్రములు తీసికొని హాజరు కావలెనని అందులో నున్నది. ఆ తేదీ, అతడు మా తలుపు తట్టిన గురువారము తరువాత వచ్చిన శనివారమే. చదువుటకు రెండు నిమిషములు పట్టెడి కాగితమది.

ఆ తరువాత అతనితో కూడ తిరిగితిమి. ఏడు నెలలకు డబ్బు చేతికి వచ్చినది. ఈలోగా ఇల్లు గడువక పదవ తరగతి చదువుచున్న అతని కుమార్తె చదువు మాని పనికి పోయెను. ఆమె మరల బడికి పోలేదు. అతడు మమ్మును ఒక్క మాటయైనను అనలేదు. "మీకు పని ఉంది కదా అనుకున్నానండి" అనెను. ఆ మాట నేటికిని మా చెవులలో నున్నది. మేము చదువనేర్చినవారము. చదువుటయే మా పని. చదివి చెప్పుమని అడిగినవానికి మాత్రము చదువలేదు.

అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములో, రథములో కూర్చుండి అర్థముకాని గ్రంథము చదువుకొనుచున్న పరదేశియొద్దకు ఫిలిప్పు పరుగెత్తిపోయెను. పరుగెత్తెను, అడిగెను, ఎక్కి ప్రక్కన కూర్చుండెను. మేమైతే ఆదివారము రమ్మంటిమి.

రెండవ తప్పు

క్రియలు లేని పఠనమును గూర్చి చెప్పితిమి. పఠనము లేని క్రియలును ప్రమాదమే. ఇదియు మేము చూచినదే. 2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారము హుద్‌హుద్ తుపాను మన పట్టణముమీద తీరము దాటినది మీలో చాలమందికి జ్ఞాపకమే. చెట్లు కూలినవి, రేకులు ఎగిరినవి, కరెంటు లేదు, ఫోనులు లేవు, త్రాగునీటికి కటకట. ఆ వారమంతయు మన యౌవనస్థులు నీళ్ల క్యానులు మోసిరి, అన్నపు పొట్లములు పంచిరి. మా గుమ్మమునకు అడ్డముగా పడిన చెట్టును నరికి దారి చేసినవారు మన సంఘస్థులు కారు, మా వీధిలోని హైందవ సోదరులు. అదియు మేము మరువము.

అయితే నాలుగైదు దినములు గడచునప్పటికి అలసట వచ్చెను. ఎవరి పేరు జాబితాలో ముందుండవలెనని వాదము వచ్చెను. మా వీధికి తక్కువ, మీ వీధికి ఎక్కువ అని గొంతులు లేచెను. మేమును కోపపడితిమి. అప్పుడు నీళ్లకొరకు వచ్చి నిలుచున్న ఒక ముసలమ్మగారు, "అయ్యగారూ, నీళ్లు తరవాత పోద్దురుగాని. ముందొక కీర్తన చదవండి. నాలుగు రోజులై ఎవరూ చదవలేదు" అనెను. సాయంకాలపు చీకటిలో కొవ్వొత్తి వెలిగించి నలువదియారవ కీర్తన చదివితిమి. కొండలు కదలినను నీళ్లు ఘోషించినను దేవుడు తన వారికి ఆశ్రయమై యుండునను ఆ కీర్తనను అంతకుముందు ఎన్నిమార్లో చదివితిమి గాని, అది మా ఇంటి కీర్తనయని ఆ రాత్రియే తెలిసెను. చదివిన పిమ్మట గొంతులు తగ్గెను. పంపకము సాగెను.

ఎమ్మాయు మార్గము

లూకా సువార్త చివరి అధ్యాయములో ఇద్దరు శిష్యులు యెరూషలేమునుండి సుమారు ఏడు మైళ్ల దూరములోనున్న ఎమ్మాయునకు నడిచిపోవుచుండిరి. ప్రభువు వారితో నడచి, మోషే మొదలుకొని ప్రవక్తలందరి గ్రంథములను విప్పి చెప్పెను. అంతటి వేదపాఠము ఏ కళాశాలలోను జరిగి యుండదు. వారి హృదయములు మండినవి. అయినను వారాయనను గుర్తుపట్టలేదు! ఎప్పుడు గుర్తుపట్టిరి? ప్రొద్దుగూకినది, మా యింట ఉండుమని ఆ పరదేశిని బలవంతము చేసి లోపలికి తీసికొనిపోయి, రొట్టె ముందు పెట్టినప్పుడు.

వాక్యము హృదయమును మండించినది. అతిథిసత్కారము కన్నులు తెరచు చోటునకు వారిని నడిపించినది. ఆ సాయంకాలము వారు ఆ మాటలు విని, బాగున్నవని చెప్పి, తలుపు మూసికొని యుండినయెడల ప్రభువు వారి గుమ్మము దాటి ముందుకు సాగిపోయి యుండును. "రోజూ చదువుచున్నాము, అయినను దేవుడు దూరము" అను ప్రశ్నకు మాకు తెలిసిన జవాబు ఇదియే. మన తలుపు తట్టినవానిని బయట నిలిపి లోపల ప్రభువును వెదకుచున్నామేమో చూచుకొనవలెను.

ఏమి చేయుదము?

ఇప్పుడు ఆచరణకు వత్తము. మొదటిది, కొంచెమే చదువుడి గాని నిదానముగా చదువుడి. ఒక సువార్త తీసికొని దినమునకు పది, పదిహేను వచనములు చాలును. చదివిన తరువాత, ఇది దేవుని గూర్చి నాకేమి చెప్పుచున్నది, నేడు నన్నేమి చేయుమనుచున్నది అని రెండు ప్రశ్నలు వేసికొనుడి. రెండవ ప్రశ్నకు జవాబులో ఒక మనిషి పేరు ఉండవలెను. "అందరిని ప్రేమించెదను" అనుట సులభము. "రెండు నెలలుగా మాటలాడని మా తోడికోడలికి నేడు ఫోను చేసెదను" అనునది జవాబు.

రెండవది, మనది షిఫ్టుల పట్టణము. రేవులో గాని ఉక్కు కర్మాగారములో గాని పనిచేయు ఇండ్లలో తండ్రి ఏ షిఫ్టు, కుమారుడు సి షిఫ్టు అయినప్పుడు కుటుంబ ప్రార్థన ఎట్లు అని అడుగుచున్నారు. ఒక కుటుంబము చేయు ఉపాయము చెప్పెదము. ఇంటి బైబిలు భోజనపు బల్లమీద ఉండును. ముందు చదివినవారు ఆ భాగమున చీటీ పెట్టి, తాము చేయ తలపెట్టిన పని దానిమీద ఒక పంక్తి వ్రాయుదురు. వెనుక వచ్చినవారు అదే భాగము చదివి తమ పంక్తి వ్రాయుదురు. నలుగురు ఒక్కచోట కూర్చుండ వీలులేకున్నను ఒకే వాక్యము క్రింద జీవించుచున్నారు.

మూడవది, చదువురానివారికి చదివి వినిపించుడి. జాలారిపేటలో గాని కంచరపాలెములో గాని మన వీధిలో గాని, కన్నులు మందగించిన వృద్ధులు ఉన్నారు. ఫోనులో వాక్యము వినవచ్చును, మంచిదే. అయితే ఫోను వారి చేయి పట్టుకొనదు.

నాలుగవది సంఘముగా చేయవలసినది. నెహెమ్యా ఎనిమిదవ అధ్యాయములో జనులు ఉదయమునుండి మధ్యాహ్నము వరకు నిలిచి ధర్మశాస్త్రము వినిరి. విన్న వెంటనే వారికి కలిగిన ఆజ్ఞ, ఏమియు లేనివారికి భాగములు పంపుమనుట. మా సంఘమున ఇప్పుడు బుధవారము సాయంకాలపు బైబిలు పాఠము ముగియగానే వరండాలో ఒక బల్ల వేయుదుము. పింఛను కాగితమో, పి.ఎఫ్. కాగితమో, ఆసుపత్రి చీటీయో తెచ్చినవారికి చదివి చెప్పి, కావలసిన దరఖాస్తు వ్రాసి పెట్టుదుము. ఏ మతమువారైనను రావచ్చును. ఆ బల్లయొద్ద మొదటి కుర్చీలో ఎవరు కూర్చుందురో తెలుసునా? ఆ కట్టు చేతితో వచ్చిన సహోదరుడే. ఆయనకు అక్షరములు రావు. కాని ఏ కార్యాలయమున ఏ కిటికీ యొద్ద నిలువవలెనో ఏడు నెలలు తిరిగి నేర్చుకొనెను. పాఠమునకు మొదట వచ్చువాడును ఆయనయే. మేము వాక్యము చదివి చెప్పుచున్నాము, ఆయన దారి చెప్పుచున్నారు. ఎవరు ఎవరికి బోధకులో మాకు తెలియదు.

ముగింపు

1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ మన రేవులో ప్రవేశించెను. ఆనాటినుండి ఎన్ని ఓడలో వచ్చినవి, పోయినవి. రేవులో పనిచేయువారికి తెలియును, ఓడ వచ్చుటతో పని కాలేదు. సరుకు దిగవలెను. దిగక ఓడ నిలిచిపోయినయెడల దినదినమునకు డెమరేజి పడును. మన యిండ్లకు ప్రతి ఉదయము వాక్యపు ఓడ వచ్చుచున్నది. సరుకు దించుకొని, పొరుగువాని ఇంటివరకు చేర్చుచున్నామా? లేక డెమరేజి కట్టుచున్నామా?

తాము చూడని అచ్చు ప్రతికొరకు ప్రాణములు ధారపోసినవారి ఫలము నేడు మన చేతిలో నున్నది. రాబోవు నూరేండ్ల వారికి మనమేమి చేతిలో పెట్టెదము? రేపు ఉదయము బైబిలు తెరచినప్పుడు ఎవరైన తలుపు తట్టినయెడల, బైబిలు మూయకుడి, తలుపును తెరువుడి. రెండును తెరచియున్న యింటిలోనికి ప్రభువు వచ్చునని మా విశ్వాసము.

ఆ ప్రభువు కృప మీకందరికిని తోడై యుండును గాక. ఆమేన్.