యంత్రాలకూ కావలెను లైన్ క్లియర్
(మన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

వెబ్ సర్వీసులు, డిస్ట్రిబ్యూటెడ్ అప్లికేషన్లు అనే విద్యలో తొలి అడుగు ఎట్లు వేయవలెనో నాలుగు మాటలలో చెప్పమని కార్యవర్గమువారు కోరారు. నేను మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను, ఇంజనీరును కాను. అయినా ఈ విద్యలోని అసలు సంగతి రైల్వే క్వార్టర్లలో పెరిగిన మన పిల్లలకు కొత్తది కాదని నా నమ్మకము.

మాది యానాములోని ఫరంపేట. యానాము చుట్టూ ఉన్నది ఆంధ్రదేశము. పరిపాలన మాత్రము 800 కిలోమీటర్లకు పైబడిన పుదుచ్చేరినుండి. కారైకాలు, మాహె మరి రెండు చోట్ల ఉన్నవి. ఊళ్లు నాలుగు, ప్రభుత్వము ఒక్కటి. ఒక ఆఫీసులోని లెక్క ఇంకొక ఆఫీసుకు కావలసివస్తే అడిగి తెలుసుకొనవలసినదే. పలుచోట్ల ఉన్న యంత్రాలు ఇట్లే ఒకదానినొకటి అడుగుతూ ఒకే పని నడిపిస్తే అది డిస్ట్రిబ్యూటెడ్ అప్లికేషన్. అడిగినవారికి జవాబు చెప్పుటకు కూర్చున్న ప్రోగ్రాము వెబ్ సర్వీసు. అది కౌంటరు కిటికీ వంటిది. లోపల రిజిస్టరు ఏ అలమారలో ఉన్నదో బయటివారికి అక్కరలేదు. ఫారము నింపడము తెలిస్తే చాలును.

మన రైల్వేయే ఇందుకు గొప్ప ఉదాహరణ. కంప్యూటర్లు రాకముందు బెర్తులు రిజిస్టరులో వ్రాసేవారు. దారిలోని స్టేషన్లకు ఇన్నేసి బెర్తులని కోటా పంచేవారు. తిరుగు ప్రయాణానికి తంతి కొట్టి ఎదురుచూడవలసి వచ్చేది. 1985లో కొత్త ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైనది. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము, అనగా క్రిస్, ఏర్పడినది. ఆ సంస్థవారి కన్సర్ట్ అనే ప్రోగ్రాము 1994లో మన సికిందరాబాదులోనే మొదట నడిచినది. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు కేంద్రాలు ఐదింటినీ కలిపారు. ఏ కేంద్రపు బండ్ల లెక్క ఆ కేంద్రముననే. టికెట్టు మాత్రము ఏ ఊరి కిటికీలోనైనా. 2002 ఆగస్టులో ఆ కిటికీ ఇంటర్నెట్టు మీదకే వచ్చినది.

ఇక ఆరంభము సంగతి. పెద్ద పనితో మొదలుపెట్టవద్దు. మన ఉగాది విందు కూపన్లు 200 అనుకొనండి. పైథాన్ అనే భాష ఉచితముగా దొరుకుతుంది. లెక్క వ్రాయుటకు ఎస్‌క్యూలైట్ అనే ఖాతా పుస్తకమూ ఉచితమే. ఇంట్లోని మామూలు కంప్యూటరు చాలును. రెండే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే సర్వీసు వ్రాయండి: “ఎన్ని మిగిలినవి?” “నాకు రెండు ఇవ్వండి.” మొదటిదానికి గెట్ అని, రెండవదానికి పోస్ట్ అని పేరు. 1989లో జెనీవా దగ్గరి సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ ప్రతిపాదించిన వెబ్‌లోనివే ఈ మర్యాదలు.

అది నడిచిన తరువాత ఒకే కూపను మిగిల్చి, ఇద్దరు ఒక్కసారే అడిగి చూడండి. ఇద్దరికీ ఇచ్చినదంటే మిగిలినది చూడడము, తగ్గించడము మీరు రెండు పనులుగా వ్రాశారన్నమాట. ఆ రెండూ విడదీయరాని ఒకే పనిగా జరగవలెను. ఒకే లైను మీద ఒక టోకెను ఒక డ్రైవరు చేతిలోనే ఉంటుంది గదా!

తరువాత అసలైన పరీక్ష. అడిగిన వెంటనే, జవాబు రాకముందే, వైరు పీకివేయండి. కూపను ఖాతాలో వ్రాసుకొన్నారా, లేదా? అడిగినవానికి తెలియదు. మళ్లీ అడిగితే రెండు పోవచ్చును, అడగకపోతే పస్తు. పండుగకు ఇంటికి పోదామని టికెట్టుకు డబ్బు కట్టి, తెర మీద చక్రము తిరుగుతూనే ఉంటే మన గుండె ఎట్లు కొట్టుకొంటుందో అందరికీ తెలిసినదే. ఈ విద్యలోని కష్టమంతా ఇక్కడనే ఉన్నది. యంత్రము చెడిపోవుట కష్టము కాదు. చెడినదో లేదో తెలియకపోవుటే కష్టము.

రైల్వేవారు దీనిని ఎప్పుడో ఆలోచించారు. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు స్టేషను మాస్టరు ప్రైవేటు నంబరు చెపుతాడు. అవతలివాడు దానిని పుస్తకములో వ్రాసుకొంటాడు. టెలిఫోను పలకకపోతే దారి ఖాళీగా ఉన్నదని ఊహించి బండి వదలరు. మీరూ అట్లే చేయండి. ప్రతి అడుగుడుకూ అడిగేవాడే ఒక నంబరు వేయవలెను. జవాబు రాకపోతే అదే నంబరుతో మళ్లీ అడగవలెను. ఆ నంబరు ఖాతాలో ఉంటే సర్వీసు పాత జవాబే చెప్పవలెను గాని రెండవ కూపను కోయరాదు. ఎంతసేపు ఎదురుచూడవలెనో, ఎన్నిసార్లు అడగవలెనో హద్దు పెట్టండి. ప్రతి రాకపోకకూ వేళతో సహా పద్దు వ్రాయించండి. తగవు తీర్చేది ఆ పద్దే.

ఇవి చేతనైనప్పుడే రెండవ యంత్రము చేర్చండి. ఒక కిటికీతో జరిగే పనికి పది కిటికీలు తెరిస్తే తాళాలు పది, తగాదాలు వంద.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు వైర్లు పీకుతూ కూర్చున్నాడని కోప్పడకండి. రేపు వాడు వ్రాసిన ప్రోగ్రాము మీదనే ఎవరి తల్లి ప్రయాణమో, ఎవరి మందుల డబ్బో ఆధారపడి ఉండవచ్చును. మన తాతలు పొట్ట చేతపట్టుకొని వచ్చి ఇనుముతో పని నేర్చారు. మన పిల్లలు ఈ పనిని అంతే జాగ్రత్తతో నేర్తురుగాక!