కరిగిపోయిన మైనం కనిపించేదెట్లా? డోక్రా బొమ్మ, ఒక ప్రొజెక్టర్, మన ఆదిలాబాద్

ఇవాళ్టి టాపిక్ కొంచెం వేరే. ఒక శిల్పం, ఒక వీడియో, ఈ రెండూ కలిపి ఒకటే ఆర్ట్ వర్క్‌గా ఎట్లా తయారు చేస్తరు, ఎట్లా ప్రదర్శిస్తరు అనేది మాట్లాడుకుందాం. "ఇదంతా ముంబైలో, ఢిల్లీలో ఉండేటోళ్ళ ముచ్చట. మన కరీంనగర్, ఆదిలాబాద్ సైడు దీనితో ఏం పని?" అనుకుంటున్నరా? చివరిదాకా చూడండి. దీనికి కావాల్సిన సరుకంతా మన దగ్గరే ఉందని నేను చెప్తున్నా.

ముందు బేసిక్స్. 1974లో నామ్ జూన్ పైక్ అనే ఆర్టిస్టు ఒక పని చేసిండు. ఈయన పుట్టింది కొరియాలో. ఒక పాత బుద్ధుడి విగ్రహం తెచ్చి టీవీ ముందు కూర్చోబెట్టిండు. ఒక కెమెరా బుద్ధుడి వైపు తిప్పి పెట్టిండు. కెమెరా బుద్ధుడిని తీస్తది, టీవీలో అదే లైవ్ వస్తది. అంటే బుద్ధుడు తనను తాను చూసుకుంటూ కూర్చున్నడు. దాని పేరు 'టీవీ బుద్ధ'. సింపుల్‌గా ఉంది కదా? ఫ్రంట్ కెమెరా ఆన్ చేసుకుని మనల్ని మనం చూసుకుంటూ కూర్చునే కాలం రాకముందే ఆయన ఈ పని చేసిండు.

ఇప్పుడు ఇందులో టీవీ తీసేయండి. మిగిలేది ఒక విగ్రహం. బుద్ధుడిని తీసేయండి. మిగిలేది ఒక సీసీ కెమెరా. రెండూ ఉంటేనే అది ఆర్ట్. నా దృష్టిలో ఇదే టెస్టు. శిల్పం పక్కన స్క్రీన్ పెట్టి దాంట్లో డ్రోన్ షాట్లు తిప్పితే ఇన్‌స్టలేషన్ అయిపోదు. శిల్పం చెప్పలేనిది వీడియో చెప్పాలి. వీడియో చూపించలేనిది శిల్పం చూపించాలి.

సరే, మన దగ్గరికి వద్దాం. సాస్తి అనే ఊరు విన్నరా? ఇప్పుడు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా, రాజురా తాలూకాలో ఉంటది. ఆ రాజురా 1956లో రాష్ట్రాల విభజన జరిగేదాకా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఆ సాస్తిలో 1986లో పుట్టిన ప్రభాకర్ పాచ్‌పుతే ఇవాళ ప్రపంచమంతా తెలిసిన ఆర్టిస్టు. వాళ్ళ కుటుంబం తరతరాలుగా బొగ్గు గనుల్లో పనిచేసింది. ఆయన చదివింది శిల్పకళ, ఖైరాగఢ్‌లో, తర్వాత బరోడాలో. ఆయన ప్రదర్శనల్లో బొగ్గుతో గోడల మీద గీసిన పెద్ద పెద్ద బొమ్మలు, శిల్పాలు, యానిమేషన్ వీడియోలు కలిసి ఉంటయి. 2012లో ముంబైలో మొదటి సోలో షో. 2014లో కొచ్చి బినాలే. 2021లో బ్రిటన్‌లోని వేల్స్‌లో ఇచ్చే ఆర్టెస్ ముండి ప్రైజు పంచుకున్న ఆరుగురిలో ఆయన ఒకడు. వేల్స్ కూడా ఒకప్పుడు మనలాగే బొగ్గు గనుల ప్రాంతం. 2022లో వెనిస్ బినాలే.

ఒక విషయం గమనించండి. గనుల కథను ఆయన బొగ్గుతోనే గీస్తడు. సరుకు ఏదో, కథ కూడా అదే. గోడ మీద గీసిన బొమ్మ షో అయిపోయినాక చెరిపేస్తే పోతది. వీడియోలో ఉన్నది మిగుల్తది. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, మందమర్రి వాళ్ళకు నేను బొగ్గు గురించి చెప్పక్కర్లేదు. పాచ్‌పుతే చూసిన బొగ్గు, మీ నాన్న షిఫ్ట్ నుంచి వస్తే బట్టల మీద కనిపించిన బొగ్గు, రెండూ ఒకటే.

ఇప్పుడు ఇంకో సరుకు చూద్దాం. అది ఇత్తడి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో, ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, జైనూర్ మండలం ఉషేగావ్, ఇంకా కేస్లాగూడ లాంటి ఊర్లల్ల ఓజాలు ఉంటరు. వాళ్ళు చేసేదే డోక్రా. గోండుల దేవుళ్ళ ప్రతిమలు, గంటలు, గజ్జెలు, నగలు తరతరాలుగా వీళ్ళే చేసి ఇస్తున్నరు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

డోక్రా ఎట్లా చేస్తరో చెప్తా. అసలు ముచ్చట అక్కడే ఉంది. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తరు. దాని మీద తేనె మైనాన్ని సన్నటి తీగల్లాగా చేసి, ఒక్కొక్క తీగ చేత్తో చుట్టుకుంటూ పోతరు. కళ్ళు, చెవులు, నగలు, ఆ గీతలు అన్నీ మైనంతోనే. దాని మీద మళ్ళీ మట్టి పూత వేస్తరు. ఎండబెట్టి కాలుస్తరు. లోపల ఉన్న మైనం కరిగిపోతది. మైనం ఖాళీ చేసిన జాగాలోకి కరిగిన ఇత్తడి పోస్తరు. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి. చల్లారినాక మట్టిని పగలగొట్టి బొమ్మను బయటికి తీస్తరు, రాకి నునుపు చేస్తరు. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మ కూడా ఇట్లా మైనం కరిగించే పద్ధతిలో చేసిందే. నాలుగు వేల ఏండ్లు దాటిన టెక్నిక్ ఇది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ మనిషి చేతులు పనిచేసింది దేని మీద? ఇత్తడి మీద కాదు, మైనం మీద. ఆ మైనం ఎక్కడుంది? లేదు. కరిగిపోయింది. మట్టి అచ్చు? పగిలిపోయింది. ఒక అచ్చు నుంచి ఒక్కటే బొమ్మ వస్తది, ఇంకోటి కావాలంటే మళ్ళీ మొదటి నుంచి మొదలు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ చూడండి, అక్కడ కూడా సన్నటి తీగల పనే. కానీ అక్కడ తీగ వెండిది, మన కండ్ల ముందు మిగిలి ఉంటది. డోక్రాలో తీగ మైనంది. మనం షోకేసులో చూసేది ఆ మైనం వదిలిపెట్టి పోయిన జాగా.

అందుకే నేనంటున్నా, డోక్రాకు వీడియో అవసరం. డెకరేషన్‌కు కాదు. కరిగిపోయిన పని మళ్ళీ కనిపించే ఛాన్స్ వీడియోలోనే ఉంది.

మరి ఇన్‌స్టలేషన్‌గా ఎట్లా చేయాలి? నేనైతే ఇట్లా చేస్తా. ఒక చీకటి గది. మధ్యలో రెండు దిమ్మెలు. ఒకదాని మీద పూర్తయిన ఇత్తడి బొమ్మ, మీద ఒక చిన్న లైటు మాత్రమే. రెండో దాని మీద మట్టి అచ్చు. ఆ మట్టి మీద ప్రొజెక్టర్ నుంచి వీడియో పడుతుంటది. వీడియోలో ఏముంటది? మైనం తీగలు చుట్టే చేతులు. అంటే పోయిన మైనం వెలుతురు రూపంలో మళ్ళీ ఆ మట్టి మీదికే వస్తది.

వీడియో ఇత్తడి మీదనే వేయొచ్చు కదా అంటరేమో. వేయలేం. మెరిసే ఇత్తడి అద్దం లాంటిది, వెలుతురును ఒక్క వైపుకే తిప్పి కొడ్తది. బొమ్మ మీద ఇమేజ్ నిలవదు. మట్టి గరుకుగా ఉంటది, వెలుతురును అన్ని వైపులకూ చల్లుతది, అందుకే ఇమేజ్ కనిపిస్తది. ఇంకో చిక్కు కూడా ఉంది. కాలిన అచ్చు నల్లబడి ఉంటది, నలుపు వెలుతురును మింగేస్తది. కాబట్టి కాల్చకుండా ఎండలో ఆరబెట్టిన అచ్చు ఒకటి అడిగి చేయించుకోవాలి. దానికి కూడా డబ్బులు ఇవ్వాలి, అది ఫ్రీ శాంపిల్ కాదు.

ఇక టెక్నికల్. చీకటి గదిలో చిన్న శిల్పానికి 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ సరిపోతది. కొనకండి, అద్దెకు తీసుకోండి. ప్రొజెక్టర్ మీద త్రో రేషియో అని రాసి ఉంటది. అది 1.5 ఉంటే, ఒక మీటరు వెడల్పు ఇమేజ్ కోసం మీటరున్నర దూరంలో పెట్టాలి. గది చూసుకోకుండా ప్రొజెక్టర్ బుక్ చేయొద్దు. ఇంకోటి, ప్రొజెక్టర్‌కు నలుపు వేయడం రాదు. మనం నలుపు అనుకునేది సన్నగా బూడిద రంగులో చుట్టూ డబ్బాలాగా కనిపిస్తది. అచ్చు వెనకాల నల్ల గుడ్డ కట్టాలి, అంచులను మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కోసేయాలి. మ్యాడ్‌మ్యాపర్, రిజల్యూమ్ పెయిడ్. టచ్‌డిజైనర్ వ్యాపారం కాని పనికి ఫ్రీ, కానీ ఔట్‌పుట్ 1280 బై 1280 దాటదు. మన చిన్న అచ్చుకు అది చాలు.

షూటింగ్ మీ ఫోన్లోనే చేయొచ్చు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. బల్బు వెలుతురులో తీస్తే ప్రో మోడ్‌లోకి పోయి షట్టర్ 1/50, ఫ్రేమ్ రేట్ 25 పెట్టండి. లేకపోతే వీడియోలో చారలు కొట్టుకుంటయి. ప్లే చేయడానికి ఒక రాస్‌ప్‌బెర్రీ పై చాలు. కరెంటు పోయి వచ్చిందంటే ఎవరూ ముట్టుకోకుండానే దానంతట అదే వీడియో స్టార్ట్ అయ్యేటట్టు సెట్ చేయాలి. మన దగ్గర ఈ ఒక్క సెట్టింగ్ షో మొత్తాన్ని కాపాడ్తది.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమైన పాయింట్. వీడియో స్పీడు. మనం రీల్స్‌లో ఏం చూస్తం? చేతి పని ఏదైనా ఫాస్ట్ ఫార్వర్డ్. మట్టి, మైనం, మంట, టక్‌మని బొమ్మ బయటికి. పది సెకన్లు. బ్యాక్‌గ్రౌండ్‌లో బీట్. లక్షల వ్యూస్. ఆ రీల్ చూసినోడు రేపు స్టాల్ దగ్గరికి పోయి "ఇంత చిన్న బొమ్మకు అంత రేటా?" అని బేరమాడ్తడు. ఎందుకంటే వాడి తలకాయలో ఆ బొమ్మ పది సెకన్లల్ల తయారైంది. రోజుల పని వాడికి కనిపించలేదు. కనిపించని పనికి ఎవడు డబ్బులిస్తడు?

అందుకే ఈ ఇన్‌స్టలేషన్‌లో వీడియో స్పీడ్ పెంచొద్దు అని నా పట్టుదల. ఒక మైనం తీగ ఎంత సేపు చుడితే అంతసేపు చూపించాలి. చూసేటోళ్ళు ఎప్పుడంటే అప్పుడు లోపలికి వస్తరు, ఎప్పుడంటే అప్పుడు పోతరు. గ్యాలరీ వీడియోకు ఇంటర్వెల్, క్లైమాక్స్ ఉండవు. రెండు నిమిషాలు నిలబడ్తరు, చేతులు ఇంకా ఒక చెవి దగ్గరే ఉంటయి. వాళ్ళకు విసుగొస్తది. తల తిప్పితే పక్కనే పూర్తయిన బొమ్మ, దాని నిండా అట్లాంటి తీగలే. ఆ విసుగే కావాలి మనకు. ఆ బొమ్మ రేటు ఎందుకంతో అప్పుడు ఒంటికి అర్థమవుతది.

తర్వాత పేరు. గోడ మీద లేబుల్‌లో ఏం రాస్తం? 'కాన్సెప్ట్: ఫలానా ఆర్టిస్ట్' అని పెద్దగా, కింద 'ఆదిలాబాద్ గిరిజన కళ' అని చిన్నగా. ఇది నేను ఒప్పుకోను. బొమ్మ చేసిన మనిషికి పేరుంది. వాళ్ళకు ఇష్టమైతే ఆ పేరు మొదటి లైన్‌లో ఉండాలి, వీడియో తీసినోడి పేరు దాని పక్కన, అదే సైజులో. జీఐ ఉంది కదా అంటరు. జీఐ కాపాడేది సరుకు పేరును. ఎక్కడో మెషీన్ మీద చేసిన దాన్ని ఆదిలాబాద్ డోక్రా అని అమ్మకుండా ఆపడానికి అది ఉపయోగపడ్తది. మీ ఫోన్లో ఉన్న వీడియో ఎవరిదో అది చెప్పదు. దానికి కాగితం మనమే రాసుకోవాలి.

కాగితంలో ఏముండాలి? బొమ్మకు ఎంత, అచ్చుకు ఎంత, షూటింగ్‌లో కూర్చున్న రోజులకు కూలి ఎంత, వర్క్ అమ్ముడుపోతే వాటా ఎంత. వీడియో ఆర్ట్‌ను మామూలుగా లెక్క పెట్టిన కాపీలుగా, ఎడిషన్లుగా అమ్ముతరు. ఎన్ని కాపీలో ముందే రాయాలి. ఫుటేజీ ఒక కాపీ వాళ్ళకు ఇవ్వాలి. అది ఇంగ్లిష్‌లో రాసి సంతకం పెట్టించుకునుడు కాదు. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే భాషలో చదివి వినిపించాలి. ఇంకా ఒక మాట, కొన్ని ప్రతిమలు పూజకు చేసేవి. అవి కెమెరా ముందు పెట్టొచ్చా లేదా అన్నది మనం డిసైడ్ చేసేది కాదు. వద్దంటే వద్దు, కెమెరా కింద పెట్టేయాలి.

చివరిగా, ఎక్కడ చూపించాలి? మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, బాగుంటది. కానీ మొదటి షో అక్కడ వద్దంటా. కొచ్చి బినాలే చూడండి, 2012లో మొదలైంది, పాత గోదాముల్లో, పాత బంగ్లాల్లో నడుస్తది. మన ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లుల గోదాములు లేవా? పత్తి సీజన్ అయిపోతే ఖాళీయే కదా. కరీంనగర్‌లో ఒక స్కూల్ హాల్‌లో కిటికీలకు నల్ల గుడ్డలు కట్టినా సరిపోతది. జోడేఘాట్‌లో కుమ్రం భీం మ్యూజియం ఉంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలైతది, వేలమంది వస్తరు. అక్కడ ఒక టెంట్, ఒక జనరేటర్ దొరికితే చాలు. బొమ్మ చేసిన మనిషి తన పిల్లలను తీసుకొచ్చి "ఇవి నా చేతులు" అని చూపించగలిగే దూరంలో మొదటి షో ఉండాలి. ఆ పిల్లలు ఈ పని నేర్చుకుంటరా, ఊరు విడిచి కూలికి పోతరా అన్నది మనం తేల్చేది కాదు. కానీ వాళ్ళ నాయిన పనికి ఒక చీకటి గది నిండా జనం నిశ్శబ్దంగా నిలబడ్డరని వాళ్ళకు తెలియాలి.

బీటెక్ చదివినోళ్ళు, కోడింగ్ వచ్చినోళ్ళు, ఫోన్‌తో ఎడిటింగ్ బాగా చేసేటోళ్ళు మన ఏరియాలో మస్తుమంది ఉన్నరు. ఈసారి ఎవరైనా చేతి పని చేస్తుంటే వీడియో తీసే ముందు పర్మిషన్ అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే పేరు రాయండి. ఒక్కసారైనా స్పీడ్ పెంచకుండా పోస్ట్ చేయండి. వ్యూస్ తక్కువ రావొచ్చు, రానీయండి. మీ ఊర్లో ఇట్లాంటి పని చేసేటోళ్ళు ఎవరున్నరో కామెంట్‌లో రాయండి, వాళ్ళు సరే అంటేనే కెమెరా పట్టుకుని వద్దాం. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.