జీరంగి రెక్కల గౌను

పత్రాలు చదవాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక గౌను గురించి, ఒక పెట్టె గురించి చెప్పి కూర్చుంటాను.

1888 డిసెంబరులో లండన్ లైసియం థియేటర్లో నటి ఎలెన్ టెర్రీ లేడీ మాక్బెత్ వేషం కట్టింది. ఆమె ఆకుపచ్చ గౌనుకు వెయ్యిదాకా జీరంగి రెక్కలు కుట్టారు. మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెలో దాచి తుమ్మాకు మేపుతారే, ఆ కోవ పురుగే. గ్యాసు దీపాల వెలుగులో పాము ఒంటిలా మెరవాలని వాళ్ల ఊహ. మరుసటి ఏడు చిత్రకారుడు సార్జెంట్ వేసిన చిత్రంలో ఆమె అచ్చం మహారాణి. గౌను మాత్రం కెంట్‌లోని స్మాల్‌హైత్‌లో, ఆమె 1928లో కన్నుమూసిన ఇంట్లో ఉంది. దాన్ని బాగుచేయడానికి సుమారు 1,300 గంటలు పట్టింది. ఆ పని 2011లో ముగిసింది. రాలిన రెక్కలు ఎవరో ఏరి దాచబట్టి మళ్లీ కుట్టగలిగారు. విరిగినవాటికి వెనక జపాన్ కాగితం ముక్కలు అతికించారు. విప్పి చూస్తే లోపల ఎన్ని మార్పులో, ఎన్ని మాట్లో! చిత్రంలో కనబడని శ్రమజీవి టెర్రీ అక్కడ కనబడింది.

గౌను నిజం చెప్పింది గానీ, ఉత్తరాలతో జాగ్రత్తగా ఉండాలి. ఆమె సహనటుడు హెన్రీ ఇర్వింగ్ తరఫున ఉత్తరాలు రాసిపెట్టింది ఆయన మేనేజరు, డ్రాక్యులా నవలాకారుడు బ్రామ్ స్టోకర్. కింద సంతకం చూసి మురిసిపోకండి, పైన దస్తూరి ఎవరిదో చూడండి.

ఇక పెట్టె. 1864 నవంబరులో న్యూయార్క్‌లో నటులైన ముగ్గురు బూత్ సోదరులు కలిసి జూలియస్ సీజర్ ఆడారు. ఎడ్విన్ బ్రూటస్, జాన్ విల్క్స్ ఆంటొనీ. ఐదు నెలలకు జాన్ విల్క్స్ లింకన్‌ను కాల్చాడు. 1873లో ఒక రాత్రి ఎడ్విన్ తన థియేటర్ నేలమాళిగలో తమ్ముడి వేషాల పెట్టె తెరిచి, ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ బట్టీలో వేశాడని పక్కనున్న పనివాడు తర్వాత చెప్పాడు. అదే ఎడ్విన్ గ్రామర్సీ పార్కులోని తన ఇంటిని నటుల క్లబ్బుకు ఇచ్చాడు. 1893లో ఆయన పోయిన గది నేటికీ అలాగే ఉంది. దాచిన చేయీ తగలబెట్టిన చేయీ ఒకటే. అందుకే నేను ఏ భాండాగారానికి వెళ్లినా, ఇక్కడ లేనిదేమిటని ముందు అడుగుతాను.

నా తప్పొకటి చెప్పుకోవాలి. చదువుకునే రోజుల్లో ఒక నటుడి కోడలుగారు రేకుపెట్టె తెరిచి చూపించారు. అర్దళం డబ్బా, విగ్గు, ఒక నోటుపుస్తకం. అందులో ఓ వైపు పద్యాలు, మరో వైపు బండి కిరాయి, కిరసనాయిలు, హార్మోనిస్టుకు ఇచ్చిన అడ్వాన్సు. "అన్నీ రాసుకో నాయనా" అన్నారావిడ. నేను పద్యాలే రాసుకున్నాను. రెండేళ్ల తర్వాత వెళితే పెట్టె లేదు. ఆ పద్యాలు అచ్చులో ఎక్కడైనా దొరుకుతాయి.