బీడీ చుట్టిన చేతులతోనే చెబుతున్నాం



షోలాపూర్‌లో మన పద్మశాలీ ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. మగవాళ్లు పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, టవళ్లు నేస్తే, ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకుతో బీడీలు చుట్టారు. ఆ కూలితోనే మేం చదువుకున్నాం. అందుకే తంబాకు మానండి అనడానికి మాకు నోరు రాదు. అయినా చెప్పక తప్పదు.

కార్ఖానాలో నూలు దుమ్ము ఎలాగూ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి బీడీ పొగ తోడైతే దగ్గు, ఆయాసం ముదురుతాయి. "మేం కాల్చం, గుట్కానే తింటాం" అనే పిల్లలకు నోటి క్యాన్సర్ ముప్పు ఉంది. మిశ్రీతో పళ్లు తోమే అమ్మలకూ అంతే. అదీ కాల్చిన తంబాకే కదా!

మానేసిన మొదటి వారం తలనొప్పి, చిరాకు వస్తాయి, భయపడొద్దు. ఏడాది గడిస్తే గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. 1800-11-2356కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

సంఘానికి మా మనవి మూడు మాటలే. పెళ్లిళ్లలో, దినాలలో బీడీ, సిగరెట్ల పళ్లెం తిప్పొద్దు. బీడీ కట్ట తెమ్మని పిల్లలను దుకాణానికి పంపొద్దు. చాట ముందు కూర్చున్న అక్కల బిడ్డలకైనా వేరే పని నేర్పిద్దాం.

మానమని ఒకరిని తిట్టొద్దు, పక్కన నిలబడదాం. తెగిన పోగును ఓపికగా అతుకుతాం కదా, ఇదీ అంతే.

జై మార్కండేయ!